సెలక్షన్ల రోజే ముహూర్తం పడితే: ఆడే పిల్లలున్న ఇళ్ళ కోసం ఒక పోలిక

మేనమామ పెళ్ళి, అండర్ 17 కబడ్డీ జిల్లా జట్టు ఎంపిక ఒకే రోజున వచ్చాయనుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆటలాడే పిల్లలున్న ఇళ్ళకు ఇది కొత్త చిక్కు కాదు, అయినా ప్రతిసారీ చర్చ ఒకే తీరున నడుస్తుంది. పెళ్ళి జీవితంలో ఒక్కసారే జరుగుతుందని ఒకరు, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని మరొకరు అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది కనుక వాదన తేలదు, చివరికి ఇంట్లో ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట నెగ్గుతుంది. అసలు పోల్చవలసింది పెళ్ళినీ ఆటనీ కాదు. ఆటవైపు సాధన, ఎంపిక, పోటీ అనేవి మూడు వేర్వేరు విషయాలు. ఇంటివైపు కూడా కార్యం ఎవరిది, అందులో బిడ్డ చేయవలసిన పని ఏమిటి, ఆ పని ఏ గంటకు వస్తుంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఇలా విడదీసుకున్నాక నా అభిప్రాయం ఇది: కోచ్‌కు ఇష్టం లేకపోయినా సాధన దాదాపు ఎప్పుడూ శుభకార్యానికి తోవ ఇవ్వాలి, పెద్దలకు ఇష్టం లేకపోయినా ఎంపిక దాదాపు ఎప్పుడూ ఇవ్వకూడదు. నిజంగా ఆలోచించి తేల్చుకోవలసినవి పోటీల రోజులే.

తేదీలు ఎక్కడ ఢీకొంటాయి

ఈ రెండూ ఒకదానిమీద ఒకటి పడటం కేవలం దురదృష్టం కాదు, రెండు క్యాలెండర్ల నడక వల్ల జరిగేది. అండర్ 14, అండర్ 17, అండర్ 19 విభాగాల్లో జరిగే పాఠశాల క్రీడలు సాధారణంగా బడులు తెరిచాక వానాకాలంలో మండల స్థాయితో మొదలై, జిల్లా, రాష్ట్ర స్థాయిలు దాటి, చలికాలానికి జాతీయ స్థాయికి చేరతాయి. పంచాంగం చూస్తే ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, శ్రావణంలో మొదలవుతాయి, భాద్రపదంలో ఆగుతాయి, కార్తీక మార్గశిరాల్లో మళ్ళీ జోరందుకుంటాయి, ధనుర్మాసం రాగానే ఆగి, మాఘంలో తిరిగి మొదలవుతాయి. కనుక మండల, జిల్లా స్థాయి ఆటలకు శ్రావణంతోనూ, రాష్ట్ర, జాతీయ స్థాయి ఆటలకు కార్తీక మార్గశిరాలతోనూ తగువు రావడం సహజం. మూఢం వచ్చిన ఏడు ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ఆ నెలల్లో జరగవలసిన పెళ్ళిళ్ళన్నీ మిగిలిన కొద్ది ముహూర్తాల్లోకి వచ్చి పడతాయి. ఆషాఢం, భాద్రపదం, ధనుర్మాసం మాత్రం ఆటగాళ్ళ తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకునే కాలాలు.

పండుగల సంగతి వేరు, వాటి తేదీలు ముందే తెలుస్తాయి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, దానికి ముందురోజు తొలేళ్ళు. 2024లో అది అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న వచ్చింది. వచ్చే ఏటి పంచాంగం చేతికి రాగానే ఆ తేదీ ఎవరైనా లెక్క వేసుకోవచ్చు, కాబట్టి చివరి నిమిషంలో తెలిసిందనే మాట ఇక్కడ చెల్లదు. సంక్రాంతి కూడా అంతే, కానీ జాతీయ పోటీలు ఏర్పాటు చేసేవారికి మన భోగి, కనుమ, ముక్కనుమలతో పట్టింపు ఉండదు. 2019లో పుణెలో ఖేలో ఇండియా యువజన క్రీడలు జనవరి 9 నుంచి 20 వరకు, 2020లో గువాహటిలో జనవరి 10 నుంచి 22 వరకు జరిగాయి. అంటే ఆ రెండేళ్ళూ అర్హత పొందిన తెలుగు పిల్లలకు పండుగ మైదానంలోనే గడిచింది. ఆ స్థాయికి ఎదిగిన బిడ్డ ఉన్న ఇంట్లో సంక్రాంతి విషయంలో నాకు సందేహమే లేదు: ఏటా వచ్చే పండుగ ఒక ఏడు ఆగగలదు, ఆ జట్టులో చోటు ఆగదు. అయితే ఊరి అమ్మవారి సంబరాలు కొన్ని ఊళ్ళలో ఏళ్ళ తరబడి విరామం తర్వాతే వస్తాయి, వలస వెళ్ళిన కుటుంబాలన్నీ దానికోసమే తిరిగి వస్తాయి. దాన్ని సంక్రాంతితో సమానంగా తూచడం కుదరదు.

సాధనకూ శుభకార్యానికీ మధ్య

ఇది తేలికైన నిర్ణయం, అయినా ఎక్కువ ఇళ్ళలో అనవసరంగా గొడవ అయ్యేది దీని దగ్గరే. నాలుగు రోజులు బరువులు ఎత్తనంత మాత్రాన బలం కరిగిపోదు, అది చెప్పుకోదగ్గంత తగ్గడానికి వారాలు పడుతుంది. పరుగువీరుల దమ్ము అంతకంటే ముందుగా తగ్గడం మొదలవుతుంది, కానీ దానికీ రెండు వారాల వ్యవధి ఉంటుంది. కనుక అక్క పెళ్ళికి మూడు రోజులు సాధన మానితే నష్టమేమీ లేదు. నిజానికి ఎడతెరిపి లేకుండా సాధన చేసే పిల్లల శరీరానికి ఆ విరామం మేలు కూడా చేయవచ్చు. మే నెలలో జరిగే వేసవి శిక్షణ శిబిరాలకూ వైశాఖ మాసపు పెళ్ళిళ్ళకూ మధ్య ఎంచుకోవలసి వచ్చినా నేను పెళ్ళివైపే మొగ్గుతాను.

మరి కోచ్‌లు ఎందుకు ఒప్పుకోరు? ఒకరిని పంపితే మరునాడు పదిమంది వస్తారన్నది వారి భయం, అది నిరాధారమైనది కాదు. పదిహేను మంది పిల్లలున్న జట్టులో ప్రతి ఇంటికీ శ్రావణంలో ఒక పెళ్ళి, ఒక గృహప్రవేశం ఉంటాయి. దీనికి విరుగుడు ముందుగా చెప్పడమే. శుభలేఖ చేతికి అందిన రోజే తండ్రి వెళ్ళి, “మాస్టారూ, ఫలానా తేదీ నుంచి మూడు రోజులు మా అబ్బాయి రాడండి, నాలుగో రోజు ఉదయం తప్పకుండా ఉంటాడు” అని తిరిగి వచ్చే తేదీతో సహా చెబితే కాదనే మాస్టారు అరుదు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి చెబితే ఎవరైనా కాదంటారు.

రెండు మినహాయింపులున్నాయి. రాష్ట్ర జట్టు జాతీయ పోటీలకు వెళ్ళేముందు పెట్టే శిక్షణ శిబిరాన్ని మామూలు సాధనగా లెక్కించకూడదు, అక్కడినుంచి వెళ్ళిపోతే జట్టులో చోటే పోవచ్చు. అలాగే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వంటి ఆటల్లో పోటీకి ముందటి చివరి మూడు నాలుగు రోజులు ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరికి ఎవరు జోడీయో కుదిరే రోజులు. ఆ రోజులను పోటీలో భాగంగానే చూడాలి.

ఎంపికలను ఎందుకు వదలకూడదు

చూడటానికి ఎంపికలు చిన్న విషయంలా కనిపిస్తాయి. మండల కేంద్రంలో ఒక హైస్కూలు మైదానం, ఈల పట్టుకున్న నలుగురు వ్యాయామ ఉపాధ్యాయులు, పేరు రాసుకునే ఒక పుస్తకం. జనం లేరు, బహుమతి లేదు, ఫొటో లేదు. అందుకే “ఇంత చిన్నదానికి పెళ్ళి మానుకుంటామా” అనిపిస్తుంది. కానీ నిచ్చెన మొదటి మెట్టు అదే, దాన్ని తప్పిస్తే జిల్లా స్థాయి లేదు, అది లేకపోతే రాష్ట్రం లేదు, ఆ ఏడాదికి తలుపు మూసుకున్నట్టే. పెద్ద పోటీలో ఒక ఆట పోగొట్టుకున్న బిడ్డకు తర్వాతి ఆట ఉంటుంది, ఎంపిక తప్పిన బిడ్డకు మిగిలేది వచ్చే ఏడే.

వచ్చే ఏడు ఉందా లేదా అన్నది కూడా చూడాలి. అండర్ 14లో మొదటి ఏడు ఆడుతున్న పిల్లకూ, అదే విభాగంలో ఆఖరి ఏడు ఆడుతున్న పిల్లకూ ఒకే సలహా ఇవ్వలేము. మొదటి పిల్ల ఈ ఏడు తప్పినా అదే విభాగంలో మళ్ళీ ప్రయత్నించగలదు, రెండో పిల్ల తర్వాతి ఏట తనకంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళతో తలపడాలి. ఎంపికను ఎప్పుడైనా వదులుకోవచ్చా అని అడిగితే, చిన్న వయసు, ముందు ఇంకా ఏళ్ళున్న పరిస్థితి, అటు సొంత అక్కదో అన్నదో పెళ్ళి, ఈ మూడూ కలిసినప్పుడు వదులుకోవచ్చని చెబుతాను. అంతకంటే దూరపు చుట్టరికానికి వదులుకోవద్దు.

ఉద్యోగాల దృష్టితో చూసే తల్లిదండ్రులు ధ్రువపత్రాల సంగతి సరిగ్గా తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవారికి ఫారం 2, విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు ఫారం 3, జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్ర పాఠశాలల తరఫున ఆడినవారికి ఫారం 4 అనే పద్ధతి ఉంది. మండల, జిల్లా స్థాయి పతకాలు ఈ లెక్కలోకి రావు. దీని అర్థం చిన్న పోటీలు పనికిరావని కాదు, పైకి తీసుకువెళ్ళే పోటీకి విలువ ఉందని, ఎక్కడికీ తీసుకువెళ్ళని ఆహ్వాన టోర్నమెంటుకు ఆ విలువ లేదని. నగదు బహుమతులు పెట్టి నడిపే ఊరి టోర్నమెంట్లు సరదాగా ఉంటాయి, ఆడాలి కూడా, కానీ వాటికోసం మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళకపోతే ఆ ముభావం చాలా కాలం ఉండిపోతుంది.

పోటీ రోజుల్లో: జట్టు ఆటా, ఒంటరి ఆటా

మొదటి తేడా ఇక్కడే వస్తుంది. కబడ్డీలో బరిలో ఏడుగురు, ఖోఖోలో తొమ్మిదిమంది, వాలీబాల్‌లో ఆరుగురు ఆడతారు. వీరిలో ఒకరు లేకపోతే నష్టపోయేది మిగిలినవారు, వారి ఇళ్ళలోనూ శుభకార్యాలు ఆగి ఉండవచ్చు. జట్టులో పేరు ఇచ్చాక వెనక్కి తగ్గడం ఇంటి విషయం మాత్రమే కాదు, మాట విషయం. అందువల్ల జట్టు ఆటల్లో నిర్ణయం పేరు ఇవ్వకముందే జరగాలి. ఇచ్చాక మరణం వంటిదానికి తప్ప మార్చకూడదు. లాంగ్‌జంప్, పరుగు, బరువులెత్తడం వంటి ఒంటరి ఆటల్లో నష్టం బిడ్డదే కనుక చివరివరకు ఆలోచించుకునే వీలుంది.

ఒంటరి ఆటల్లో మరో సౌకర్యం కూడా ఉంది. మూడు రోజుల అథ్లెటిక్స్ మీట్‌లో ఒక బిడ్డకు నిజంగా పని ఉండేది రెండు మూడు గంటలు. మూడు రోజుల పెళ్ళిలో కూడా ఒక బిడ్డ తప్పనిసరిగా ఉండవలసింది ఒకటి రెండు గంటలే. ఆ గంటలు ఎదురుపడుతున్నాయా లేదా అన్నదే చూడాలి. లాజహోమంలో పెళ్ళికూతురికి పేలాలు అందించేది ఆమె అన్నదమ్ముడు. తోడి పెళ్ళికొడుకుగా కూర్చోబెట్టిన కుర్రాడు పీటల దగ్గర ఉండాలి. ఇలాంటి పని ఉన్న బిడ్డ లేకపోవడం, బంతిలో భోజనం చేసి అక్షింతలు వేసి వచ్చే బిడ్డ లేకపోవడం ఒకటి కావు. ఏ పనీ లేని బిడ్డను కేవలం “అందరూ అడుగుతారు” అన్న కారణంతో పోటీ మాన్పించడం నాకు సమంజసంగా తోచదు. అడిగినవారికి తల్లి చెప్పే ఒక్క వాక్యంతో ఆ ముచ్చట ముగుస్తుంది.

అటూ ఇటూ రెండూ చూసుకుందామంటే

ఎక్కువమంది ఎంచుకునేది ఈ మధ్యేమార్గమే, ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. విజయనగరంలో పోటీ, శ్రీకాకుళంలో పెళ్ళి అయితే రోడ్డు మీద గంటన్నర రెండు గంటల ప్రయాణం కనుక కుదురుతుంది. అదే రాష్ట్రానికి ఆ చివరనున్న కడపలోనో అనంతపురంలోనో పోటీ అయితే శ్రీకాకుళం రోడ్ స్టేషనులో రైలెక్కిన బిడ్డకు ఒక రాత్రంతా రైల్లోనే గడుస్తుంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది, పోటీల తేదీలేమో తరచుగా అంతకంటే ఆలస్యంగా తెలుస్తాయి. శ్రావణ ముహూర్తాల రద్దీలో బెర్తు దొరక్కపోతే బిడ్డ జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళి మరునాడు పరుగెత్తవలసి వస్తుంది. అలా వెళ్ళేకంటే రెండింటిలో ఒకటి వదులుకోవడం మేలు.

దూరం కంటే పెద్ద శత్రువు నిద్రలేమి. మన పెళ్ళిళ్ళలో ముహూర్తాలు చాలావరకు రాత్రివే, తెల్లవారుజామున రెండింటికి జీలకర్ర బెల్లం పెట్టించే ఇళ్ళు ఎన్నో. పొద్దున్నే హీట్స్ (తొలి వడపోత పరుగులు) ఉన్న బిడ్డను మండపంలో డీజే మోత మధ్య ఆ వేళదాకా కూర్చోబెట్టి, ఐదింటికి కారెక్కించి, బాగా ఆడమనడం న్యాయం కాదు. ఇటువంటప్పుడు పెళ్ళి కొడుకును చేసిన రోజు సాయంత్రం వెళ్ళి పెద్దలందరినీ కలిసి, బట్టలు పెట్టించుకుని, ముహూర్తానికి ఉండకుండా వచ్చేయడం ఒక పద్ధతి. పోటీ ముగిశాక సత్యనారాయణ వ్రతానికి వెళ్ళడం మరో పద్ధతి. రెండింటిలో నాకు రెండోదే నచ్చుతుంది, అప్పుడు బిడ్డ మనసులో తొందర ఉండదు, చుట్టాలకు కూడా తీరిక ఉంటుంది.

బరువు విభాగాలున్న ఆటల్లో ఇంకో లెక్క ఉంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలై గంటసేపు ఉంటుంది, ఆ గంట తప్పితే పోటీయే లేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన పోటీలో, స్వర్ణం, రజతం పొందిన ఇద్దరూ 242.5 కిలోలతో సమానంగా నిలిచారు. అప్పటి నియమం ప్రకారం శరీర బరువు తక్కువ ఉన్నవారికి స్వర్ణం దక్కింది. ఇప్పుడు ఆ నియమం మారింది, కానీ విభాగం గీతకు ఆనుకుని ఉన్న బిడ్డకు పెళ్ళింట రెండు పూటల బూరెలు, పులిహోర, ఆవకాయ ఎంత తేడా తెస్తాయో కోచ్‌లకు తెలుసు. ఉప్పు ఎక్కువైన భోజనం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. దాన్ని దించడానికి నీళ్ళు మాన్పించి, చెమట పట్టేదాకా పరుగెత్తించడం ఎదిగే పిల్లలకు ప్రమాదకరం. తూకానికి ముందు రెండు రోజుల్లో విందు ఉంటే, వెళ్ళినా తినకుండా ఉండగల వయసు బిడ్డకు వచ్చిందా అని తల్లే చెప్పగలదు. రాలేదంటే పంపకపోవడమే మంచిది.

తేదీనే మార్చడం

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది ఇదే, అందరికీ ఆఖరున గుర్తొచ్చేదీ ఇదే. పురోహితుడు సాధారణంగా రెండు మూడు ముహూర్తాలు చెబుతారు. లగ్నపత్రిక రాయించకముందు, కల్యాణమండపానికి అడ్వాన్సు ఇవ్వకముందు, “అన్నయ్యా, ముహూర్తాలు రెండు మూడు వస్తే నాకొక్క మాట చెప్పి ఖాయం చెయ్యి, పాప ఆటల తేదీలు చూసి చెబుతాను” అని చెల్లెలు అడిగితే కాదనే అన్న తక్కువ. రెండు వారాల తర్వాత అదే మాట అంటే తగువు అవుతుంది. గృహప్రవేశం, ఉపనయనం వంటివి కూడా ముహూర్తానికి కట్టుబడినవే కనుక ఇలాగే ముందుగా అడగవచ్చు, కానీ దూరపు చుట్టాలింటిదైతే అడగడం బాగుండదు. ఓణీల వేడుక, పంచెల వేడుక, రిసెప్షన్, షష్టిపూర్తి విందు వంటివాటిలో వెసులుబాటు ఎక్కువ. ముఖ్యంగా ఓణీల వేడుక ఆడుతున్న బిడ్డదే అయినప్పుడు దాన్ని ఆమె పోటీల తర్వాతికి జరపకుండా పోటీనే మాన్పించడానికి ఏ కారణమూ కనబడదు.

ఆ సందర్భంలోనే ఒక మాట చెప్పక తప్పదు. అదే పెళ్ళికి, అదే దూరపు చుట్టరికానికి అబ్బాయిని ఆటకు పంపి అమ్మాయిని మాత్రం ఇంట్లో పనికి ఉండమనడం మన ఇళ్ళలో ఇంకా ఉంది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఈ ప్రాంతంలో పుట్టింది. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచి, విజేత డోపింగ్‌లో అనర్హురాలు కావడంతో రజతం అందుకుంది. ఇంతటి పేరున్న చోట, నిర్ణయం చేసే ముందు “ఇదే అబ్బాయి విషయమైతే ఏం చేసేవాళ్ళం” అని ఒకసారి అడిగి చూసుకోవాలి. జవాబు వేరుగా వస్తే, చేసిన నిర్ణయం ముహూర్తాన్ని చూసి చేసింది కాదు.

మరణం ఎదురైనప్పుడు

ఇక్కడ పోలికలు అంతగా పనిచేయవు, అయినా ముందే మాట్లాడుకోవలసిన విషయం ఇదే. 1999 ప్రపంచకప్ నడుమ తండ్రి పోయినప్పుడు సచిన్ టెండూల్కర్ ఇంగ్లండ్ నుంచి ఇంటికి వచ్చి, అంత్యక్రియల తర్వాత తిరిగి వెళ్ళి కెన్యాపై 140 పరుగులు చేశాడు. 2006 డిసెంబరులో పద్దెనిమిదేళ్ళ విరాట్ కోహ్లీ తండ్రి పోయిన ఉదయమే రంజీ మ్యాచ్‌లో ఢిల్లీ తరఫున బరిలోకి దిగి 90 పరుగులు చేశాకే అంత్యక్రియలకు వెళ్ళాడు. 2020 నవంబరులో హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ తండ్రి పోయినా ఆస్ట్రేలియాలో జట్టుతోనే ఉండిపోయి, తిరిగి వచ్చిన రోజున విమానాశ్రయం నుంచి నేరుగా సమాధి దగ్గరకు వెళ్ళాడు. ముగ్గురూ మూడు తోవలు పట్టారు, ఏ ఒక్కరినీ తప్పుపట్టలేం. కాకపోతే వారు పెద్దవాళ్ళు, తమ నిర్ణయం తాము చేసుకున్నారు. పదమూడేళ్ళ బిడ్డ విషయంలో తాతగారో నానమ్మో పోతే ఇంటికి తీసుకురావడమే సరైనదని నా ఉద్దేశం, బిడ్డ తానుగా ఆడి వస్తానంటే తప్ప. కర్మ చేసేది కొడుకు కనుక, ఆ పది రోజుల మైలలో మనవడు మైదానానికి వెళ్ళవచ్చా అన్నది ఇంటి ఆచారాన్ని బట్టి పెద్దలను అడిగి తేల్చుకోవాలి. చాలామంది పెద్దలు పెద్దకర్మ రోజుకు ఉంటే చాలునంటారు.

పోటీ ముగిసేవరకు కబురు దాచడం కొన్ని ఇళ్ళలో అలవాటు. బిడ్డ అప్పటికే పరుగు గీత దగ్గర నిలబడి ఉంటే ఆ పరుగు అయ్యేదాకా ఆగవచ్చు. రెండు రోజులు ఆగడం మాత్రం తప్పు, ఆ పిల్లవాడు పతకంతో ఇంటికి వచ్చి ఖాళీ మంచం చూస్తే ఆ తర్వాత మన మాట నమ్మడు. పైగా ఈ రోజుల్లో దాచినా దాగదు, ఏ పెదనాన్న కొడుకో వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెడతాడు. అందుకని జట్టు రైలెక్కే ముందే మేనేజర్‌గా వెళ్ళే మాస్టారికి ఇంట్లో ఒక్కరి నంబరు ఇచ్చి, ఏ కబురైనా ముందు ఆయనకే చేరేలా, ఆయన పిల్లవాడిని పక్కకు పిలిచి తండ్రితో మాట్లాడించేలా, అవసరమైతే ఎవరు వచ్చి పిల్లవాడిని తీసుకువెళతారో కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి.